కౌంటర్ మీది పిల్లల డబ్బా

మా గల్లీలో ప్రతి దుకాణం కౌంటర్ మీదా ఒక పిల్లల డబ్బా ఉంటుంది. చీరల దుకాణంలో క్రీమ్ బిస్కట్లు, స్టీలు సామాన్ల దుకాణంలో పిప్పరమెంట్లు, గాజుల దుకాణంలో పుట్నాలూ బెల్లమూ. దీన్ని దయ అనుకునేవాళ్లు దుకాణంలో పెరగనివాళ్లు. తల్లి సరుకు చూస్తున్నప్పుడు పిల్ల ఏడిస్తే తల్లి లేచిపోతుంది. లేచిపోయిన తల్లి పక్క దుకాణంలో కూర్చుంటుంది. పిల్ల నోట్లో బిస్కట్ ఉన్నంతసేపు గిరాకి మన దగ్గరే ఉంటుంది. మా బాపుది స్టీలు సామాన్ల దుకాణం. "పిల్ల నోరు నిండితె తల్లి సంచి నిండుతది" అనేవాడు. అది సామెత కాదు, ఆయన సొంత కల్పన. కానీ ఆయన చెప్పే తీరు చూసి చాలామంది సామెతే అనుకున్నారు.

నేను ఆ నీతి మీద పెరిగినదాన్ని. పెళ్లయ్యాక సిద్దిపేటలోనే, అదే గల్లీలో, బాపు దుకాణానికి కొద్ది దూరంలో మ్యాచింగ్ సెంటర్ పెట్టుకున్నాను. జాకెట్ గుడ్డలు, లైనింగ్, ఫాల్స్, లేసులు. బోర్డు కన్నా ముందు డబ్బా కొన్నాను. మ్యాచింగ్ సెంటర్‌కు డబ్బా అవసరం మరీ ఎక్కువ. చీర పది నిమిషాల్లో నచ్చుతుంది, దాని మీదికి జాకెట్ గుడ్డ అరగంటకు గానీ కుదరదు. చిలకాకుపచ్చలో నా దగ్గర తొమ్మిది రకాలున్నాయి. తొమ్మిదీ వెలుతుర్లోకి పట్టుకెళ్లి చూసుకునే లోపల చంటివాడు రెండు బిస్కట్లు తింటాడు.

నేను బేరం ఆడకుండా కొన్నది బస్సు టికెట్ ఒక్కటే. అదీ కండక్టర్ ఒప్పుకోకపోవడం వల్ల. రైతు బజార్‌లో నన్ను దూరం నుంచి చూసే ఒక తోటకూర ఆమె కట్టల్లోంచి రెండు తీసి వెనక దాచిపెడుతుందని, నేను ఎట్లాగూ కొసరు అడుగుతానని ముందే సిద్ధపడుతుందని మా ఆయన చుట్టాలందరికీ చెప్పాడు. నాకది అవమానంగా అనిపించలేదు. ఇప్పుడు చెప్పబోయేదానికి ఈ గుణం అడ్డం వచ్చింది కాబట్టి ముందే రాసి పెడుతున్నాను.

మా అమ్మాయికి పదేళ్లు నిండినప్పుడు దగ్గు తగ్గడం లేదని పిల్లల దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ దగ్గు సంగతి రెండు నిమిషాల్లో తేల్చేసింది. తర్వాత అమ్మాయిని కాంటా మీద నిలబెట్టి, గోడకు ఆనించి ఎత్తు కొలిచి, జడ పక్కకు జరిపి మెడ వెనక చూసింది. అక్కడ నల్లగా, మందంగా ఒక పట్టీలాగా ఉండేది. నేను దాన్ని మురికి అనుకుని ప్రతి ఆదివారం సున్నిపిండి పెట్టి రుద్దేదాన్ని. అమ్మాయి ఏడ్చేది. గట్టిగా రుద్దితే పోతుందని ఇంకా రుద్దేదాన్ని. డాక్టరమ్మ అది మురికి కాదని, ఒంట్లో షుగర్ సరిగ్గా సర్దుకోకపోతే ఒంటి బరువు ఎక్కువున్న పిల్లలకు అట్లా వస్తుందని చెప్పి రక్తం పరీక్ష రాసింది.

పరీక్షలో షుగర్ గీత మీద ఉంది. డాక్టరమ్మ అదే మాట అన్నది, గీత మీద అని. ఆరు నెలలు చూద్దామని, ఇట్లాగే పోతే మందులు మొదలుపెట్టి హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్‌కు చూపించాల్సి వస్తుందని చెప్పింది. మా బాపుకు షుగర్ వచ్చింది అరవై దాటాక. గోళీల డబ్బాను గల్లా పెట్టె పక్కన పెట్టుకుని ఇరవై ఏళ్లు మింగాడు. పదేళ్ల పిల్ల స్కూల్ సంచిలో ఆ డబ్బాను ఊహించడం నాకు చేతకాలేదు. చేతకానప్పుడు నేను ఏం చేస్తానో అదే చేశాను.

"ఎనిమిది నెలలు చేయండి మేడం. మధ్యల పండుగలున్నయి."

"ఇది షుగరమ్మా, చీర కాదు" అన్నది ఆమె. ఒక అచ్చు కాగితం చేతికిచ్చింది. ఏవి తినొద్దో, ఏవి తినాలో, ఎంతసేపు ఆడుకోవాలో అందులో ఉంది. చదివి, మడిచి, సరే మేడం అన్నాను.

ఆమె నవ్వింది. అందరూ సరే అనే అంటారని చెప్పింది. ఇట్లాంటి పిల్లలు తన దగ్గరికి చాలామందే వస్తున్నారని, దవాఖాన పైన ఉన్న హాలులో నెలకు రెండు ఆదివారాలు తల్లిదండ్రులను పిలిచి మాట్లాడాలనుకుంటున్నానని అన్నది. పిల్లలను పిలవదట. వండేదీ కొనేదీ పెట్టేదీ పెద్దవాళ్లు, మందలించేది మాత్రం పిల్లలనా అని ఆమె వాదం. ఒకసారి పెట్టి చూసిందట కూడా. హాలు నిండా వచ్చారు, కాగితాలు తీసుకున్నారు, తలలూపారు. రెండోసారి నలుగురు వచ్చారు.

ఆ మాట వినగానే నాకు తప్పెక్కడుందో తెలిసిపోయింది. వైద్యం నాకు తెలియదు గానీ పోయిన గిరాకి ఎందుకు పోయిందో చెప్పగలను.

"మేడం, మా దుకాణంల 'మంచిగుంది, సరే, మళ్లొస్తం' అన్నోళ్లు మళ్ల రారు. 'గింతనా? గిదేం గుడ్డ, ఉతికితె ఉంటదా?' అని తిట్టినోళ్లే కొంటరు. మీరు కాగితమిచ్చిన్రు, అందరు సరే అన్నరు. అంటే ఎవ్వరు కొనలే."

ఆమె పెన్ను కింద పెట్టింది. బయట టోకెన్ పట్టుకున్నవాళ్లు దగ్గుతూనే ఉన్నారు. మరి ఏం చేయాలో చెప్పమన్నది. బేరం ఆడనియ్యమన్నాను.

అట్లా నేను ఆ ఆదివారాల పనిలో చేరాను. మొదట అచ్చు కాగితం తీసేశాం. హాలులో కాంటా లేకుండా చేశాం, ఎందుకంటే కాంటా ఉంటే నీ పిల్ల ఎంత, నా పిల్ల ఎంత అన్నదే మాట అవుతుంది. డాక్టరమ్మ రెండు నియమాలు మాత్రం తగ్గించడానికి లేదన్నది. పిల్ల ముందు లావు, బొద్దు, బస్తా అనే మాటలు అనకూడదు. పిల్లకు ఒక కంచం, ఇంటికి ఒక కంచం అని వేరు పెట్టకూడదు, మార్చేది ఏదైనా ఇంట్లో అందరికీ మార్చాలి. మిగిలినవన్నీ బేరానికి వదిలేసింది. ఆమె ఒక్కో ఇంటివాళ్లను నాలుగు అడుగుతుంది. వాళ్లు మొత్తుకుంటారు, దింపుతారు, చివరికి ఏది నిజంగా చేయగలరో ఆ ఒక్కదాని మీదో రెండింటి మీదో ఒప్పందం కుదురుతుంది. చేసి వచ్చాక, ఇంకొకటి.

మొదటి ఆదివారం బస్టాండ్ దగ్గర టిఫిన్ హోటల్ నడిపే ఒకాయన లేచి, తన ఇంట్లో దోశలు తగ్గించడమంటే చేపకు నీళ్లు తగ్గించినట్టేనని అన్నాడు. డాక్టరమ్మ మనిషికి మూడు దోశల దగ్గర మొదలుపెట్టింది. ఆయన అయిదు అన్నాడు. నాలుగు దగ్గర ఆగారు, చట్నీలో నూనె పోపు బంద్. బెజ్జంకి నుంచి బస్సులో వచ్చే ఒక తల్లి ముప్పావు గంట వాదించి, కొడుకుతో రోజూ పొలం దాకా నడిచి రావడానికి ఒప్పుకున్నది. ఒప్పుకోగానే, పొలం మీద పని ఎట్లాగూ ఉందని, తాను ఓడిపోలేదని అందరికీ చెప్పింది. వాళ్లిద్దరూ రెండోసారి వచ్చారు. మొదటిసారి వచ్చినవాళ్లలో సగానికి పైగా వచ్చారు. నాకు గర్వంగానే ఉండేది.

నా వంతు వచ్చినప్పుడు డాక్టరమ్మ నన్నూ నాలుగే అడిగింది. సాయంత్రం బేకరీ పఫ్ మానాలి. టీవీ ముందు కంచం పెట్టొద్దు. ఇంట్లో కూల్ డ్రింక్ ఉండొద్దు. రోజూ ఒక గంట పరుగులాంటి ఆట కావాలి. నేను చీరకొంగు సర్దుకుని మొదలుపెట్టాను. టీవీ మా అత్తమ్మది, నా చేతిలో లేదు. కూల్ డ్రింక్ వచ్చిపోయే చుట్టాల కోసం, మా ఆయన మర్యాద. ఆటకు మా గల్లీలో జాగ లేదు, బండ్లు తిరుగుతాయి. పఫ్ ఒక్కటి మాన్పిస్తానన్నాను. ఆమె అలిసిపోయి ఒప్పుకున్నది. నాలుగు అడిగితే ఒకటికి తెంపాను. ఆ రోజు ఇంటికి నడిచిన నడక బజారులో నాలుగు చీరలు ఒక చీర ధరకు తెచ్చుకున్న మనిషి నడక.

మూడు నెలలకు అమ్మాయిని మళ్లీ కాంటా ఎక్కించారు. బరువు తగ్గలేదు సరికదా, పెరిగింది.

కాంటా తప్పన్నాను. దుకాణదార్ల బిడ్డకు మొదట వచ్చే అనుమానం అదే. మర్నాడు కిరాణా దుకాణం నుంచి రెండు కిలోల తూకం రాయి అడుక్కుని సంచిలో వేసుకుని దవాఖానకు పోయాను. డాక్టరమ్మ చూస్తుండగా కాంటా మీద పెట్టాను. సరిగ్గా రెండు కిలోలే చూపించింది. ఇంకోసారి పెట్టాను.  రాయి సంచిలో వేసుకున్నాక ఆమె, స్కూల్ నుంచి ఇంటికొచ్చే మధ్యలో పాప ఏం తింటుందని అడిగింది. ఏమీ తినదన్నాను. చూసి చెబుతున్నారా అన్నది.

చూడలేదు. ఆ టైముకు నేను కౌంటర్ వెనక ఉంటాను.

మర్నాడు సాయంత్రం దుకాణం మా ఆయనకు అప్పజెప్పి, ఎదురుగా కుట్టుమిషన్ వేసుకుని కూర్చునే, గల్లీ అంతా ఖాలా అని పిలిచే పెద్దామె దగ్గరికి పోయాను. నా దగ్గర గుడ్డ కొన్నవాళ్లను నేను ఆమె దగ్గరికి పంపుతాను, లైనింగ్ కావాలంటే ఆమె నా దగ్గరికి పంపుతుంది. పదహారేళ్లుగా అట్లా నడుస్తోంది. ఆమె కిటికీలోంచి మా గల్లీ అంతా కనిపిస్తుంది. నేను ఎన్నడూ అక్కడి నుంచి చూడలేదు.

ఆటో గల్లీ మొదట్లో ఆగింది. అమ్మాయి దిగింది. మొదటిది మా బాపు దుకాణం, ఇప్పుడు మా అన్న కూర్చుంటాడు. పిప్పరమెంట్లు రెండు. గాజుల దుకాణంలో గుప్పెడు పుట్నాలు, బెల్లం ముక్క. చీరల దుకాణంలో క్రీమ్ బిస్కట్లు. అమ్మాయి ఎక్కడా అడగలేదు, ఆగలేదు కూడా. నడుస్తున్న పిల్ల చేతిలోకి వాళ్లే వంగి పెట్టారు. మా దుకాణం దాకా వచ్చి, ఇటు తిరిగి, ఖాలా దగ్గరికి వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. ఖాలా అలవాటు ప్రకారం రెండు ఉస్మానియా బిస్కట్లు తీసింది, సాసర్‌లో ఛాయ్ పోసింది.

అమ్మాయిని దుకాణానికి పంపి, ఎన్నాళ్ల నుంచి పెడుతున్నావని ఖాలాను అడిగాను. ఆమెకు నా ప్రశ్నే అర్థం కాలేదు.

"నీ డబ్బాల కెల్లి నా మన్మరాలు రోజు తింటది గద బేటా. నీ బిడ్డ నా ముందల్నుంచి ఉత్త చేతులతోని పోతే నా ఇజ్జత్ ఏముంటది?"

అప్పుడు తెలిసింది. గల్లీలో ఎవరూ నా కూతుర్ని పాడుచేయడం లేదు. నేను వాళ్ల పిల్లలకు పెట్టింది వాళ్లు నా పిల్లకు తిరిగి పెడుతున్నారు, అంతే. వద్దంటే మొహం మీద కొట్టినట్టు. పైగా నా డబ్బా తెరిచి పెట్టుకుని, మీరు మాత్రం మా అమ్మాయికి పెట్టకండని ఏ నోటితో చెప్పను? ఇంకొక సంగతి కూడా అక్కడే కూర్చుని గుర్తొచ్చింది. ఆదివారం హాలుకు వచ్చే తల్లుల్లో సగం మంది నా గిరాకీలే. ఆదివారం కట్టిన ముడిని సోమవారం నుంచి శనివారం దాకా నేనే, బిస్కట్ బిస్కట్‌గా, విప్పుతున్నాను.

ఇంత తెలిశాక కూడా నా బుద్ధి తొందరగా లొంగలేదు. చిన్న బిస్కట్లు పెడదామనుకున్నాను. సగం బిస్కట్ అనుకున్నాను. నాతో నేనే బేరం ఆడుతున్నట్టు కనిపెట్టి ఆపేశాను. ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మాయికి మాత్రం చెప్పాను, ఎవరు ఏది పెట్టినా తీసుకోవద్దని.

"మరి నువ్వెందుకు అందరి పిల్లలకు ఇస్తవమ్మా?"

గిరాకి లేచిపోకుండా అని చెప్పాను. ఆమె కంచంలో వేలు తిప్పింది.

"చిన్నప్పటి సంది నాకు గూడ ఇచ్చినవ్ గద. నేను గూడ గిరాకినేనా?"

రెండేళ్లప్పటి నుంచి ఆమెను కౌంటర్ పక్కన గుడ్డ ముక్కల మూట మీద కూర్చోబెట్టేదాన్ని. ఎవరైనా మెట్టెక్కితే చేతిలో ఒక బిస్కట్ పెట్టేదాన్ని, నేను గుడ్డ కొలిచేదాకా సప్పుడు చేయకుండా ఉండాలని. మంచి పిల్ల, ఎప్పుడూ సప్పుడు చేయలేదు. అందరూ మెచ్చుకునేవాళ్లు.  

తర్వాతి ఆదివారం ఈ సంగతంతా హాలులో చెప్పాను. నవ్వారు. తూకం రాయి దగ్గర ఎక్కువ నవ్వారు. నవ్వు ఆగాక హోటలాయన మెల్లగా, తన దగ్గరికి వచ్చినవాళ్ల పిల్లలకు తాను చిన్న దోశ ఉత్తగానే వేసిస్తానని, రోజుకు ఎన్ని వేస్తాడో తనకే తెలియదని అన్నాడు. అప్పటిదాకా మేం ఇళ్ల గురించే మాట్లాడాం. పిల్ల నడిచే దారి గురించి మాట్లాడలేదు. డాక్టరమ్మ బోర్డు మీద రాసుకున్నవన్నీ తుడిచి, మీ పిల్ల బడి నుంచి ఇంటికి ఎక్కడెక్కడ ఆగుతుందో గీసి తెండని అందరికీ చెప్పింది. ఆ పని అప్పటినుంచి అక్కడ మొదటి పని అయింది.

మా గల్లీ పని నా మీద పడింది. పదకొండు దుకాణాలు. అన్నీ ఒకే రోజు డబ్బా కౌంటర్ కిందికి దింపాలి, లేకపోతే దింపనివాడి దగ్గరికి గిరాకి పోతుంది. నేను చాలా బేరాలు చేశాను గానీ ఇంత సన్నని బేరం చేయలేదు, ఎందుకంటే ఇందులో నేను ఇవ్వడానికి ఏమీ లేదు. ముందు నా డబ్బా దింపి వెళ్లాను. మా అన్న, బాపు పెట్టిన డబ్బా అని నసిగాడు. మన బాపు గోళీల డబ్బా కూడా పెట్టాడు కదా, అది కూడా ఉంచుతావా అన్నాను. దింపాడు. చీరల దుకాణం ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఆయన డబ్బా పైనే ఉంది. మా అమ్మాయికి మాత్రం పెట్టడం మానాడు, అది కూడా నేను నాలుగుసార్లు తిరిగాక.

ఖాలా దగ్గర అన్నిటికన్నా కష్టమైంది. ఆమె డబ్బా పెద్దది కాదు, ఇజ్జత్ పెద్దది. పిల్ల వస్తే ఉత్త చేతులతో ఎట్లా పంపాలని అదే మాట. చాలాసేపటికి నేను, ఖాలా, ఇయ్యకు, అడుగు అన్నాను. కళ్లు సరిగ్గా ఆనక సూదిలో దారం ఎక్కించడానికి ఆమె రోజూ తంటాలు పడుతుంది. ఇప్పుడు మా అమ్మాయి ఆటో దిగి నేరుగా ఖాలా దగ్గరికి పోయి, మర్నాటికి సరిపడా ఆరు సూదుల్లో ఆరు రంగుల దారాలు ఎక్కించి, వాటిని పిన్ కుషన్‌కు గుచ్చి వస్తుంది. ఖాలా మన్మరాలు నా దుకాణంలో లేసుల చుట్టలు సర్దుతుంది. ఇజ్జత్ ఇద్దరికీ నిలబడింది.

నా డబ్బా ఖాళీగా ఉండటం చూడలేక కత్తిరించగా మిగిలిన గుడ్డ ముక్కలు అందులో పడేసేదాన్ని. ఒకరోజు ఒక గిరాకి కొడుకు వాటిని నేల మీద కుమ్మరించి తల్లి చీర అంచు పక్కన ఒక్కొక్కటి పెట్టి చూడసాగాడు. నేను మూడు తాన్లు దించి కుదర్చలేని రంగును వాడు చూపించాడు. అందరు పిల్లలూ అట్లా కాదు. కొందరు ముక్కలు నా మీదకే విసురుతారు. దౌల్తాబాద్ నుంచి వచ్చే ఒక పాత గిరాకి, పిల్ల ఏడుస్తుంటే డబ్బా ఏదని అడిగి, లేదంటే లేచి వెళ్లింది. ఎటు వెళ్లిందో నాకు తెలుసు. మా బాపు మాట అబద్ధం కాదు.

డాక్టరమ్మ దగ్గర నేను కొట్టేసిన మూడింటినీ తిరిగి ఇచ్చేశాను. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని మా దుకాణంలో బోర్డు ఉంటుంది, ఆమె దగ్గర లేదు. కూల్ డ్రింక్ మానితే చుట్టాలు ఏమంటారో అని మా ఆయన భయపడ్డాడు. చుట్టాలు మజ్జిగ తాగి పోయారు. టీవీ సంగతి అత్తమ్మతో చెప్పడానికి నేను వారం రోజులు మాటలు కూర్చుకున్నాను. ఆమె నా మాటలు సగంలో ఆపి, "నా సీరియల్ ఎనిమిదింటికి. మీరు ఏడున్నరకే తినున్రి. ఎవలొద్దన్నరు?" అన్నది. సాయంత్రం గిరాకి పలచబడ్డాక నేనూ అమ్మాయీ కోమటి చెరువు కట్ట మీద నడుస్తాం. ఆమె ముందు పరిగెత్తి, వెనక్కి తిరిగి నా కోసం ఆగుతుంది. నాకు ఆయాసం వస్తుంది. బరువు సంగతి నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి నేను రాయడం లేదు.

ఆరు నెలలు నిండాయి. రక్తం ఇచ్చిన మర్నాడు కాగితం తీసుకుని ఇద్దరం డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. ముందు కాంటా. మూడు నెలల కిందట ఎంతో ఇప్పుడూ అంతే.  ఇంత చేసి ఒక్క కిలో కూడా తగ్గలేదా అన్నాను. డాక్టరమ్మ అమ్మాయిని గోడకు నిలబెట్టి, పాత గీతకూ కొత్త గీతకూ మధ్య వేలు పెట్టి చూపించింది. పిల్ల పెరిగింది, బరువు పెరగలేదు, ఈ వయసులో మేము కోరేది ఇదే అన్నది. తర్వాత కాగితం చూసింది. షుగర్ గీత కిందికి దిగింది. ఎక్కువ కాదు, కొద్దిగా. మందులు అవసరం లేదని, మళ్లీ ఆరు నెలలకు రమ్మని చెప్పింది.

"సరే మేడం" అన్నాను.

ఆమె రాస్తున్నది ఆపి తలెత్తింది. "బేరం లేకుండ సరే అన్నోళ్లు మళ్ల రారని మీరే చెప్పిన్రు గదమ్మా."

చెప్పాను.  అమ్మాయి వైపు చూశాను. మెడ వెనక నలుపు ఇంకా ఉంది. రుద్దడం మానేశాను.

"అయితే నాలుగు నెలలు చేయండి మేడం."

"అయిదు" అన్నది డాక్టరమ్మ.

"నాలుగున్నర" అన్నది మా అమ్మాయి.

డాక్టరమ్మ క్యాలెండర్ చూసి చీటీ మీద తారీఖు వేసింది. నేను చెయ్యి చాపే లోపలే అమ్మాయి దాన్ని అందుకుని, నాలుగు మడతలు పెట్టి, తన స్కూల్ సంచి ముందు జేబులో వేసుకుంది.